పట్టాకి టేకు తొడుగు

శాంతాదేవి గారు టీ కప్పు పట్టుకుని తలెత్తి చూసిన ఆ మధ్యాహ్నం దాకా వేణుగోపాల్ తన ఇంటి కప్పు గురించి ఎన్నడూ ఆలోచించలేదు. కప్పంటే కప్పే. నెత్తిమీద ఉంటుంది, వాన ఆపుతుంది. అంతకు మించి దానితో మనిషికేం పని?

ఆ రోజు ఆవిడా, ఆవిడ భర్త రామమోహన్ గారూ, రామమోహన్ గారి చెల్లెలు జ్యోతిర్మయీ ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఊరి శివార్లలో, మంగ్లాలో ఉన్న వేణుగోపాల్ ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఇల్లు చూడ్డమన్నది మాటవరసకి. వేణుగోపాల్‌కి నలభై ఆరేళ్ళు, జ్యోతిర్మయికి నలభై దాటాయి. ఆ వయసులో పెళ్ళిచూపులు అనడానికి ఎవరికీ నోరు రాలేదు. రామమోహన్ గారిది గుంటూరు వైపు, బొగ్గు కంపెనీలో ఆఫీసరు. జ్యోతిర్మయి దగ్గర్లోని కోటా అనే చిన్న ఊళ్ళో సర్కారు బడి టీచరు. రోజూ రైల్లో ఆ ఊరి స్టేషన్ కర్గీ రోడ్‌కి వెళ్ళి వస్తుంది. ఎప్పుడో పెళ్ళయి, రెండేళ్ళు తిరక్కుండానే విడిపోయి, అప్పటినుంచీ అన్నగారింట్లోనే ఉంటోంది. సంబంధం తెచ్చింది అచ్చియమ్మ. ఆవిడ వేణుగోపాల్ తల్లికి వరసకి చెల్లెలు. ఆఫీసర్ల ఇళ్ళకి ఆవకాయలు పెట్టి ఇస్తుంది, ఆ పరిచయం మీదే ఈ మాట కదిలింది. ఇద్దరిదీ వయసు మీరిన వ్యవహారం కాబట్టి కులగోత్రాలు తవ్వడానికి ఇటువాళ్ళూ పూనుకోలేదు, అటువాళ్ళూ పూనుకోలేదు.

"ఇదేంటండీ ఇది? రైలు పట్టాలా ఉందే?" అంది శాంతాదేవి.

"పట్టానేనండీ. మా నాన్న వేయించారు."

"హాలు మధ్యలోనా?"

"దాని మీదే కప్పు నిలబడి ఉందండీ."

రామమోహన్ గారు పెద్దగా నవ్వారు. "అచ్ఛా! అయితే పైన గూడ్సు ఎన్ని గంటలకండీ?"

వేణుగోపాల్ కూడా నవ్వాడు, నవ్వాలి కాబట్టి. ఆ పట్టా సంగతి చెప్పుకుంటే పెద్దది. తండ్రి ఎర్రయ్య రైల్వేలో గ్యాంగ్‌మేటు, పట్టాలు వేసే ముఠాకి పెద్ద. మంగ్లా ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో ఈ జాగా కొని, అరిగిపోయిన పట్టా ఒకటి తుక్కు వేలంలో పాడుకుని, గోడ నుంచి గోడకి దూలంగా వేసి, దాని మీద ఫర్షీ బండలు పరిచి కప్పు కట్టాడు. అప్పట్లో రైల్వే వాళ్ళు చాలామంది అలాగే కట్టుకున్నారు. ఇదంతా చెప్పాలనుకున్నాడు గాని, శాంతాదేవి గారు అప్పటికే కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"దూలం కింద కూర్చుంటే నాకు తల పట్టేస్తుందండీ. మా వైపు దూలం కింద మంచం కూడా వెయ్యం. దీన్ని ఏదన్నా చేయిస్తే బావుంటుంది," అంది.

జ్యోతిర్మయి టీ తాగుతోంది. అతను ఆమె వైపు చూడలేదు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే అలా చూడకూడదని అతనికి ఎవరూ నేర్పలేదు గాని, చూడకూడదని తెలుసు. వాళ్ళు వెళ్ళిపోయాక గుర్తు తెచ్చుకుందామంటే ఆకుపచ్చ చీర అంచూ, చప్పుడు కాకుండా కప్పుని సాసర్లో పెట్టిన చెయ్యీ తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

మర్నాడు అచ్చియమ్మ వచ్చింది.

"ఆలకి నువ్వు నచ్చినావురా వేణూ. నీ ఉద్యోగం నచ్చినాది, పింఛను నచ్చినాది. ఆ దూలవొక్కటే. దాన్ని సూస్తే ఆ శాంతమ్మకి గుండె దడంట. దానికేటైనా సెయ్యి."

"ఏటి సెయ్యను పిన్నీ? తీస్తే ఇల్లు కూలిపోద్ది."

"తియ్యమన్నానేటి? కప్పెట్టమన్నాను. మంచి కర్రతోటి తొడుగేయించు. ఇప్పుడందరూ ఏయించుకుంటన్నారు, సీలింగులు గీలింగులు."

"మరి... ఆవిడేమంది?"

"ఏ ఆవిడ?"

"జ్యోతిర్మయి గారు."

"అదేటంటాది? ఆలొదిన మాటే దాని మాట. కావాలంటే నంబరిచ్చీసి ఎల్తాను, నువ్వే అడుక్కో."

నంబరు ఇచ్చింది. అతను ఫోన్లో ఎక్కించుకున్నాడు. చెయ్యలేదు. పెద్దవాళ్ళ మధ్య మాట నడుస్తుండగా తను నేరుగా ఫోన్ చేస్తే ఏం బాగుంటుంది? కావలసింది దూలం కప్పడం. అది తన చేతిలో పని. చేతిలో పని అంటే వేణుగోపాల్‌కి భయం లేదు.

భయమున్నది సాయంత్రాలకే. తల్లి కనకం పోయాక ఆ ఇంట్లో తెలుగు ఆగిపోయింది. తను పనిచేసే రైల్వే డివిజనల్ ఆఫీసులో హిందీ, బజార్లో హిందీ, పక్కింటి వాళ్ళతో ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ. చెల్లెళ్ళు ఫోన్ చేస్తారు గాని వాళ్ళ పిల్లలకి తెలుగు రాదు. పిల్లల కోసం హిందీలోకి దిగి, ఇక మళ్ళీ ఎక్కరు. అన్నం గిన్నె దించుకుంటూ ఒక్కోసారి ఆ గిన్నెతోనే అనేవాడు: "ఇదేటిది, అడుగంటిపోనావు?" ఆ రోజుకి అతను మాట్లాడిన తెలుగు అంతే.

అలాగని జీవితం ఎవరో పాడు చేశారని కాదు. ఇంటికి మొదటి డిగ్రీ తనదే. తండ్రి డ్యూటీలో ఉండగానే పోతే దానికి బదులుగా ఈ ఆఫీసు ఉద్యోగం తనకొచ్చింది. ఉద్యోగంతో పాటు చెల్లెళ్ళ చదువులూ పెళ్ళిళ్ళూ వచ్చాయి, ఆ తర్వాత తల్లి జబ్బొచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ సవ్యంగా చేశాడు. తన వంతు వచ్చేసరికి టికెట్టు కిటికీ మూసేసినట్టయింది. ఇన్నాళ్ళకి ఆ కిటికీలోంచి ఎవరో తల బయట పెట్టి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగినట్టుంది ఇప్పుడు.

పోలయ్యని పిలిపించాడు.

పోలయ్య రైల్వే క్యారేజీ రిపేరు షాపులో కార్పెంటరుగా చేసి రిటైరయ్యాడు. ఎర్రయ్యదీ అతనిదీ శ్రీకాకుళం దగ్గర ఒకే ఊరు. దూలం చూసి, టేపు వేసి కొలిచి, "ప్లైవుడ్డు పెట్టె కట్టీసి సన్మైకా అతికించీసెద్దాం బావూ. రెండ్రోజుల పని," అన్నాడు.

"వద్దు మావా. టేకు."

"టేకా!" పోలయ్య నవ్వాడు. "టేకు ముట్టుకుని ఎన్నేళ్ళయినాదో. రైలు పెట్టెల్లో కర్రెక్కడుందిప్పుడు? అంతా రేకు, ఫైబరు, సన్మైకా. నా చేతులు మర్సిపోయుంటాయి."

"గుర్తు చేసుకుంటాయిలే."

పాత ఇళ్ళు విప్పి కర్ర అమ్మే దుకాణంలో టేకు దొరికింది. పొడుగు పలకలు కావు, పాత తలుపుల్లోంచి కోసిన మూరెడు మూరెడు ముక్కలు. పోలయ్య వాటిని హాల్లో నేలమీద పరిచి, చుట్టూ తిరిగి చూసి, "పొడుగ్గా అతికితే అతుకులే కనబడతాయి. అడ్డంగా ఏసెద్దాం. పట్టాల కింద స్లీపర్లు ఏసినట్టు," అన్నాడు. ఆ మాట వేణుగోపాల్‌కి ఎంతో నచ్చింది. పట్టా ఉన్నచోట స్లీపర్లుండడం సబబే కదా.

మే నెల. ఊరంతా పెనంలా కాలిపోతోంది. వేణుగోపాల్ సెలవు పెట్టాడు. తల్లి పోయినప్పుడు తప్ప సెలవు ఎరగని మనిషి సెలవు చీటీ ఇస్తే సూపరింటెండెంటు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. పట్టాకి రెండు పక్కలా సాలచెట్టు కర్ర బద్దలు బిగించారు. వాటి కింద ఒక్కొక్క టేకు పలకా అడ్డంగా పెట్టి మేకులు కొట్టడం మొదలుపెట్టారు. పలక అందివ్వడం వేణుగోపాల్ పని, కొట్టడం పోలయ్య పని.

"పలకకీ పలకకీ సందు ఒగ్గాలా మావా?" అనడిగాడు వేణుగోపాల్.

పోలయ్య సుత్తి ఆపాడు. "నువ్వు ఎర్రయ్య కొడుకువేనా? మీ నాన్న ఏటనేవోడు? సలికాలంలో పట్టా ఏస్తే అతుకు కాడ బిళ్ళ దూరినంత సందొగ్గు, మే నెల్లో ఏస్తే ముద్దెట్టుకోనీ అనేవోడు."

నిజమే. ఆ మాట వేణుగోపాల్ చిన్నప్పుడు వంద సార్లు విన్నాడు. మండుటెండలో పట్టా ఎంత సాగాలో అంతా సాగి ఉంటుంది, ఇంకెక్కడికీ పోదు. అప్పుడు సందు వదిలితే చలికాలానికి అది నోరు తెరుస్తుంది. ఇద్దరూ తలూపుకున్నారు. పలకని పలకకి ఆనించి, చెక్క సుత్తితో తట్టి తట్టి, వెంట్రుక కూడా దూరకుండా బిగించారు. ఆఖరి పలక పట్టలేదు. దాని అంచు కాస్త చిత్రిక పట్టి, గోడకీ ముందు పలకకీ మధ్యన గట్టిగా కొట్టి కూరారు. అది లోపలికి పోయినప్పుడు వచ్చిన చప్పుడికి పోలయ్య మీసం దువ్వుకున్నాడు.

అక్కడితో పని అయిపోవాలి. కాని పని అయిపోతే పోలయ్య రాడు. పొద్దున్నే సైకిలు గోడకి ఆనించి "ఏటి బావూ, లెగిసినావా?" అని కేక వేసేవాడుండడు. మధ్యాహ్నం ఒకే గిన్నెలో పప్పుచారు ఇద్దరు పోసుకోవడం ఉండదు. అందుకని అంచులకి నగిషీ పట్టీ కావాలన్నాడు వేణుగోపాల్. పట్టీ అయ్యాక లక్క పాలిష్ అన్నాడు. పాలిష్ ఆరాక ఇంకో పూత అన్నాడు.

"దూలం సూసి పెళ్ళికూతురు మూర్ఛ పోవాలేటి?" అన్నాడు పోలయ్య.

"ఆల వొదిన గారికి నచ్చాలి."

"నువ్వు మనువాడేది వొదిన్నేటి?" పోలయ్య గుడ్డ ముక్కతో లక్క రాస్తూ కిందికి చూశాడు. "పెళ్ళికూతుర్ని సరిగ్గా సూసినావా?"

"లేదు మావా."

"ఓరి నీ మర్యాద మండా! మాటాడినావా?"

"పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు కదా."

పోలయ్య మళ్ళీ లక్కలో గుడ్డ ముంచాడు. పైన కర్ర మీద గుడ్డ జరజరా ఆడింది.

మూడో పూత ఆరాక దూలం తేనె రంగులో మెరిసింది. నల్లటి పట్టా ఎక్కడుందో కూడా తెలియలేదు. వేణుగోపాల్ ఫోటో తీసి రామమోహన్ గారికి పంపాడు. "సూపర్! మేడమ్ ఫుల్ హ్యాపీ," అని జవాబొచ్చింది. మేడమ్ అంటే శాంతాదేవి గారని అర్థం చేసుకున్నాడు. ఆషాఢం వెళ్ళాక, శ్రావణంలో ఓ ఆదివారం వచ్చి ఖాయం చేసుకుంటామని అచ్చియమ్మతో కబురు పంపారు.

ఇక ఎదురు చూడ్డమే. పోలయ్య సైకిలు ఆగిపోయింది. ఆఫీసు నుంచి వచ్చి, హాల్లో మంచం మీద వెల్లకిలా పడుకుని దూలం చూసేవాడు. ఎంత చక్కగా ఉందో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. ఒక సాయంత్రం ఫోన్ తీసి జ్యోతిర్మయి నంబరు తెరిచాడు. "బడి అయిందా అండీ?" అని తెలుగులో కొట్టాడు. అది చదివి ఆమె ఏమనుకుంటుంది? వదినగారికి చూపిస్తే? చెరిపేశాడు. ఇంకో రోజు "వానలు మొదలయ్యాయి" అని కొట్టాడు. వానలు మొదలైన సంగతి కోటాలో కూడా తెలుస్తుంది కదా. అదీ చెరిపేశాడు.

వానలు నిజంగానే మొదలయ్యాయి. ముసురు పట్టి రోజుల తరబడి కురిసింది. గోడలు చెమ్మగిల్లాయి, ఉప్పు డబ్బాలో నీరూరింది. అప్పుడే పైనుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినబడసాగింది. బల్లి అనుకున్నాడు. తర్వాత ఎలుక అనుకున్నాడు. ఒక రోజు పొద్దున చూస్తే దూలం తొడుగు మధ్యలో కడుపు వచ్చినట్టు కిందికి దిగి ఉంది.

స్టూలెక్కి చేత్తో నొక్కాడు. లొంగలేదు. అప్పుడు అర్థమైంది. ఇనుము ఎండకి సాగుతుంది. కర్ర ఎండకి ఎండి ముడుచుకుంటుంది, వానకి చెమ్మ తాగి ఉబ్బుతుంది. మే నెలలో ఎముకలా ఎండి ఉన్న కర్రకి సందు లేకుండా బిగించారు. ఇప్పుడు ప్రతి పలకా కాస్త కాస్త ఒళ్ళు చేసి, అటు గోడా ఇటు గోడా అడ్డం పడితే, పోవడానికి దారి లేక కిందికి వంగుతోంది. ఎర్రయ్య జీవితమంతా భయపడిన సంగతి అదే, సందు చాలక పట్టా వంకర తిరగడం. పట్టా ఎండలో తిరిగితే, ఇది వానలో తిరిగింది.

పోలయ్యకి ఫోన్ చేశాడు. అతను మేనకోడలి పెళ్ళికని ఊరెళ్ళి ఉన్నాడు. "మేకులు పట్టుకుంటాయిలే బావూ," అన్నాడు గాని గొంతులో నమ్మకం లేదు. ఆదివారం వాళ్ళు రావాలి. శుక్రవారం సాయంత్రం వేణుగోపాల్ బట్టలారేసే వెదురు తెచ్చి, దానికి గుడ్డ చుట్టి, కింద నుంచి ఆ కడుపుని పైకి నెట్టాడు. ఒక్కసారి ఫట్టుమంది. పలక ఒకటి మేకులతో సహా ఊడి వచ్చి అతని భుజం పక్కనుంచి నేల మీద పడింది.

సరిగ్గా అప్పుడే తలుపు తట్టారు.

జ్యోతిర్మయి. తడిసిన గొడుగు, చేతిలో బడి సంచీ. వెనకాల ఎవరూ లేరు.

"అన్నయ్య వాళ్ళు రాలేదండీ. నేనొక్కదాన్నే వచ్చాను. ఉసలాపూర్ స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి..." అంటూ లోపలికి చూసింది. "అయ్యో, ఏమైందండీ దీనికి?"

చేతిలో వెదురుతో అతను మొత్తం చెప్పాడు. పట్టా సంగతి, సందు సంగతి, మే నెల సంగతి. దాపరికం లేకుండా చెప్పాడు, దాచడానికి వ్యవధి లేదు కాబట్టి.

"కర్ర ఉబ్బుతుందని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పడానికి అక్కడున్నది మేమిద్దరమేనండీ. ఇద్దరం రైల్వే వాళ్ళమే."

ఆమె నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా గట్టిగా నవ్వింది. అతను మొదటిసారి ఆమె ముఖం చూశాడు. కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. సుద్దముక్క పొడి జుట్టు మీద ఉంది.

"మిగతావి కూడా నెత్తిన పడతాయి. తీసేయండి, నేను స్టూలు పట్టుకుంటాను," అంది.

వదులైన పలకలు అతను ఒక్కొక్కటే లాగి కిందికి అందిస్తే, ఆమె మేకులు పైకి రాకుండా బోర్లించి గోడవార పేర్చింది. ఆ కాసేపూ ఇద్దరూ పని మాటలే మాట్లాడుకున్నారు. జాగ్రత్త, ఇది ఇటు, అక్కడ మేకుంది చూసుకోండి. ఆ ఇంట్లో అంత తేలిగ్గా మాట నడిచి ఎన్నాళ్ళయిందో. పని అయ్యాక అతను టీ పెట్టి తెచ్చాడు. ఆమె కప్పు అందుకుని తాగకుండా పట్టుకుంది.

"నేనొక మాట చెప్పి వెళ్దామని వచ్చానండీ. ఆదివారం వాళ్ళు వస్తే చెప్పనివ్వరు. ఈ సంబంధం నాకు వద్దు."

"దీన్ని బాగు చేయిస్తానండీ," అన్నాడు వేణుగోపాల్. "సందు వదిలి మళ్ళీ..."

"దూలం గురించి కాదు." ఆమె గొంతు పెంచలేదు. "నాకు దూలంతో ఏ పేచీ లేదు. అది మా వదినకి. మా వదిన ఇక్కడ ఉండబోదు కదా? మీరు ఆవిడ కోసం టేకు కొన్నారు, పాలిష్ పెట్టించారు. ఫోటో అన్నయ్యకి పంపారు. అన్నయ్య వదినకి చూపిస్తే, వదిన నాకు చూపించింది. మా ఇంట్లో మీ దూలం గురించి నెల రోజులు మాట్లాడుకున్నారండీ. నాకేం కావాలని ఒక్క మనిషి అడగలేదు. వాళ్ళు అడగరని నాకు తెలుసు. మీరు అడుగుతారనుకున్నాను."

"పెద్దవాళ్ళ మధ్య..."

"మనకెంత వయసండీ?"

అతను నేలమీద పడున్న మేకొకటి ఏరి పక్కన పెట్టాడు.

"కోటాలోనే గది చూసుకుంటున్నాను. రోజూ ఈ రైళ్ళతో పడలేకపోతున్నాను, ఆ ఇంట్లో ఉండనూలేకపోతున్నాను. ఒక్కదాన్నే ఉండడం నాకు చేతనవును. పక్కన మనిషి ఉండగా మాటా పలుకూ లేకుండా రెండేళ్ళు గడిపాను, అది ఇంకోసారి నా వల్ల కాదు. మీరు చెడ్డవారని కాదు." టీ తాగి, కప్పు చప్పుడు లేకుండా పెట్టింది. "అన్నయ్యకి నేనే చెప్తాను. మీ మీదికి రానివ్వను."

గొడుగు తీసుకుని గల్లీ చివరిదాకా వెంట వెళ్ళాడు. ఆటో దొరికేదాకా ఇద్దరూ వానలో నిలబడ్డారు. అడగడానికి అదే సమయమని తెలుసు. ఏమడగాలో తోచలేదు. ఆటో వచ్చింది, ఆమె వెళ్ళిపోయింది.

ఆదివారం ఎవరూ రాలేదు. వాళ్ళకి బదులు అచ్చియమ్మ వచ్చింది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"ఆ పాడు దూలవే ముంచినాదిరా! అంత సేయించీ ఆదివారం దాకా నిలబెట్టలేకపోనావా?"

"దూలం కాదు పిన్నీ. నాను అడగలేదు."

"ఏటి అడగలేదు?"

"ఆవిడ్ని. ఏదీ అడగలేదు."

"ఆడపిల్లని నువ్వడగడవేటి? అడగడానికి నాను లేనేటి?" అచ్చియమ్మకి నిజంగానే బోధపడలేదు. "పోనీలే. దుర్గులో ఇంకో పిల్లుంది. నర్సు. ఆలకి దూలాల పట్టింపు లేదు."

"ఇప్పుడొద్దు పిన్నీ."

ఆవిడ వెళ్ళాక ఇల్లు మునుపటికంటే ఖాళీగా ఉంది. ఇదివరకు ఆ ఒంటరితనం ఎవరి తప్పూ కాదు. ఇప్పుడు దానికి కారణం తెలిసిపోయింది. ఇన్నేళ్ళలో తను ఎవరిని ఏమడిగాడు? తల్లిని మాత్ర వేసుకున్నావా అని అడిగాడు. చెల్లెళ్ళని డబ్బు సరిపోయిందా అని అడిగాడు. చెయ్యవలసిన పని ఏదో తెలుసుకోవడానికే అడిగాడు, అది తెలిసింది కాబట్టి చేశాడు. తల్లికి ఏం ఇష్టమో అడిగాడా? కూర్చుని ఆలోచించాడు. తల్లికి ఏం ఇష్టమో గుర్తు రాలేదు. తెలిస్తే కదా గుర్తు రావడానికి. ఆ రాత్రి అన్నం వండుకోలేదు.

పోలయ్య ఊరి నుంచి వచ్చి, తల గోక్కుని, ఈసారి సందొగ్గి వేస్తానన్నాడు. "ఉండనీ మావా, పట్టాని పట్టాలాగే ఉండనీ," అన్నాడు వేణుగోపాల్. మిగిలిన పలకలు విప్పించేసి, పోలయ్యకి కావలసినన్ని తీసుకెళ్ళమన్నాడు. ఇద్దరూ టీ తాగారు. "పెళ్ళి బాగా జరిగిందా మావా?" అని అడిగితే పోలయ్య దీపాల వేళ దాకా చెప్పాడు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం వేణుగోపాల్ కోటా వైపు రైలెక్కాడు.

కర్గీ రోడ్ ప్లాట్‌ఫారం మీద జ్యోతిర్మయి ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని. అతన్ని చూసి ఆశ్చర్యపోయింది. ఆ వెంటనే ముఖంలో జాగ్రత్త వచ్చింది.

"ఏదన్నా పని మీద వచ్చారా?"

"లేదండీ. పనేం లేదు." ఆ మాట అన్నాక, పని లేకుండా ఒక చోటికి తను ఎన్నడూ వెళ్ళలేదని గుర్తొచ్చింది.

"నేను చెప్పినదాంట్లో మార్పేం లేదండీ."

"అందుకు రాలేదండీ. మీకు గది దొరికిందా అని అడుగుదామని వచ్చాను."

ఆమె పక్కకి జరిగి బల్ల మీద చోటు చేసింది.

"దొరికింది. బడి వెనకాలే. ఇంటావిడకి కోళ్ళున్నాయి, అవి గదిలోకి వస్తాయిట. వచ్చే నెల నుంచి ఉంటాను."

"కోళ్ళంటే మీకు భయమా?"

"కాదు. అసహ్యం."

"నీళ్ళు?"

"చేతిపంపు."

"వంట గదిలోనేనా? కిటికీ ఎటువైపుందండీ?"

"ఏంటండీ, నా సర్వీసు రికార్డు రాస్తున్నారా?" అంది గాని, కిటికీ ఎటువైపుందో చెప్పింది. ఆ కిటికీలోంచి ఏం కనబడుతుందో చెప్పింది. అన్నయ్య ఇంకా మాట్లాడడం లేదని చెప్పింది. రైలు ఆలస్యం. అతను అడుగుతూ పోయాడు, ముందు తడబడుతూ, తర్వాత నిజంగా తెలుసుకోవాలని. ఆమె కొన్నిటికి జవాబు చెప్పింది, కొన్నిటికి చెప్పలేదు. చెప్పనివాటిని అతను మళ్ళీ అడగలేదు. ఆమె మాత్రం అతన్ని ఏమీ అడగలేదు.

రైలొచ్చాక ఎదురెదురు సీట్లు దొరికాయి. కిటికీ బయట తడిసిన పొలాలు, మబ్బు. వారమంతా పాఠాలు చెప్పిన అలసట ఆమెది. ఘుట్కూ స్టేషన్ దాటేసరికి కిటికీ చువ్వలకి తల ఆనించి నిద్రపోయింది. అతను కదలకుండా కూర్చున్నాడు.

ఇద్దరూ దిగవలసిన ఉసలాపూర్ దగ్గర పడింది. జనం లేచి తలుపు వైపు జరుగుతున్నారు. ఆమె లేవలేదు. లేపాలి. ఏమని లేపాలి? ఇంతవరకూ ఆమెని ఏమనీ పిలవలేదు అతను. 'ఏమండీ' అనడం తనకు తగదు. 'మేడమ్' అంటే మరీ పరాయి. 'టీచర్ గారూ' అంటే ఆమె దగ్గర చదువుకున్నవాడిలా ఉంటుంది. రైలు వేగం తగ్గింది.

"జ్యోతిర్మయి గారూ," అన్నాడు.

 బ్రేకుల చప్పుడులో అది ఎవరికీ వినబడలేదు. కాస్త ముందుకు వంగి, ఇంకోసారి పిలిచాడు. ఆమె కళ్ళు తెరిచింది.